బియ్యం డబ్బాలో పుస్తెలతాడు

వరంగల్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 31 ఏళ్లు. భర్త చనిపోయారు. ఇంట్లోనే మిషన్ కుట్టి తల్లిని, ఏడేళ్ల పాపను చూసుకుంటున్నారు. తమ్ముడు కూడా వాళ్లతోనే ఉంటాడు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

తమ్ముడికి 23. ట్రాలీ ఆటో నడుపుతాడు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ల సామాను. మార్కెట్‌లో పరిచయమైన ఇద్దరు ఒకరోజు ఫోన్ చేశారు. "ఒక ఇల్లు ఖాళీ చేసేదుంది, కిరాయి బాకీ ఉన్నరు, ఓనర్‌కు తెల్వకుండ రాత్రికి రాత్రి పోతరు, రెండు వేలు ఇస్తం" అన్నారట. ఒంటిగంటకు వెళ్తే అక్కడ నలుగురున్నారు. ముగ్గురు లోపలికి పోయారు, ఒకడు గల్లీ మలుపు దగ్గర నిలబడ్డాడు. తమ్ముణ్ణి లైట్లు ఆర్పి బండిలోనే ఉండమన్నారు. కాసేపటికి లోపలి నుంచి ఒక ముసలాయన అరుపు వినిపించింది. మరి కాసేపటికి ముగ్గురూ ఉరికొచ్చి బండెక్కారు. తమ్ముడు బండి తీశాడు.

ఆ ఇల్లు ఒక రిటైర్డ్ టీచరుది. రాడ్డు దెబ్బకు పుర్రె ఎముక చిట్లి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. భార్య మెడలోని పుస్తెలతాడు తెంపుకుపోయారు. తెల్లారి తమ్ముడి చేతిలో పదివేలు పెట్టి, చిన్న మూట ఒకటి ఇచ్చి, "రెండు రోజులు నీ దగ్గర ఉంచు" అన్నారు. ఐదో రోజు అన్నానికి బియ్యం తీస్తుంటే ఆ మూట అక్క చేతికి తగిలింది. విప్పి చూస్తే పుస్తెలకు పసుపు ఇంకా అంటుకునే ఉంది. నిలదీస్తే తమ్ముడు ఏడ్చి అంతా చెప్పాడు. ఇద్దరు దొరికారని పేపర్లో వచ్చింది. పోలీసులు వీళ్లింటికి ఇంకా రాలేదు. తల్లేమో తమ్ముణ్ణి ముంబై దగ్గరి భివండిలో మేనమామ దగ్గరికి పంపుదామని, మూటను భద్రకాళి చెరువులో పడేద్దామని అంటోంది. అక్క అడిగింది ఇది: "కొట్టింది మావోడు కాదు. లోపలికే పోలేదు. కొట్టినోనికీ, బండ్ల కూసున్నోనికీ ఒకటే శిక్షనా? కొత్త చట్టంల ఏమన్న తేడా ఉన్నదా? నేనేం చేయాలె?"

అమ్మా,

మీ ఉత్తరం చేరిన రోజే కూర్చుని జవాబు రాస్తున్నాను, ఇందులో గంటలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి. మూట దొరికిన రాత్రంతా నిద్ర పట్టలేదనీ, కళ్లు మూస్తే ఆ ముసలమ్మ బోసి మెడే కనిపించిందనీ రాశారు. ఆ మాట రాసిన మనిషితో మాట్లాడుతున్నానని గుర్తుంచుకునే ప్రతి వాక్యం రాస్తున్నాను.

ముందు కొత్త చట్టం సంగతి. 1860 నాటి ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీ తర్వాత జరిగిన నేరం కాబట్టి మీ తమ్ముడి కేసు కొత్త చట్టం కిందే నడుస్తుంది. కానీ మీరు ఆశపడిన చోట ఏమీ మారలేదు. సెక్షన్ల నంబర్లు మారాయి, మాట అలాగే ఉంది. పాత 34వ సెక్షన్ ఇప్పుడు 3(5). కొందరు కలిసి ఒకే ఉద్దేశంతో నేరం చేస్తే, ప్రతి ఒక్కరూ ఆ పని తానొక్కడే చేసినట్టు బాధ్యుడని అది చెబుతుంది. పాత 460 ఇప్పుడు 331(8). మీ విషయంలో అన్నింటికన్నా బరువైనది ఇదే అనుకుంటున్నాను. రాత్రిపూట ఇంట్లో దొంగచాటుగా చొరబడినప్పుడు వాళ్లలో ఏ ఒక్కడు ఎవరినైనా తీవ్రంగా గాయపరిచినా, గాయపరచబోయినా, ఆ చొరబాటులో భాగమైన ప్రతి ఒక్కరికీ యావజ్జీవం వరకు, లేదా పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఎముక చిట్లితే చట్టం దృష్టిలో అది తీవ్రమైన గాయమే.

ఇక్కడ చాలామంది లాయర్ల దగ్గరికి వచ్చి అనే మాట, "మావాడికి కొట్టాలన్న ఉద్దేశమే లేదు సార్". 331(8)లో ఆ మాట పెద్దగా పనికిరాదు. రాడ్డు తెస్తారని తెలియకపోయినా సరే, దొంగతనానికి ఇంట్లోకి పోతున్నారని తెలిసి కలిసి ఉంటే చాలు. దోపిడీ గురించి చెప్పే 309వ సెక్షన్‌లో కూడా, ఒకడు దెబ్బ కొడితే ఆ దోపిడీలో కలిసి ఉన్న మిగతావాళ్లకూ యావజ్జీవం దాకా పోవచ్చని 6వ ఉపసెక్షన్ అంటుంది. తేడా ఉన్న చోటు ఒకటుంది. మారణాయుధం వాడితే ఏడేళ్లకు తగ్గకూడదని చెప్పే 311వ సెక్షన్. దాని పాత రూపం మీద సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది: ఆయుధం వాడినవాడికే అది వర్తిస్తుంది, పక్కవాళ్లకు కాదు. అంటే రాడ్డు పట్టుకున్నవాడికి ఉన్న ఆ కనీస శిక్ష మీ తమ్ముడికి అంటకూడదు. మీ ప్రశ్నకు "అవును, ఒకటే" అనీ చెప్పలేను, "కాదు" అనీ చెప్పలేను. కొన్ని సెక్షన్లలో ఒకటే, కొన్నింటిలో కాదు.

"లోపలికి పోలేదు" అన్న వాదన కొత్తది కాదు. 1923లో కలకత్తా శంకరీటోలా పోస్టాఫీసు మీద కొందరు పడి పోస్ట్ మాస్టర్ని కాల్చి చంపారు. దొరికిన బరేంద్ర కుమార్ ఘోష్ అనే యువకుడు తాను కాల్చలేదని, భయంతో బయట నిలబడ్డానని అన్నాడు. కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1924లో వాళ్లు ఆ వాదన ఒప్పుకోలేదు. బయట కాపలాగా నిలబడటం కూడా ఆ పనిలో భాగమే అన్నారు. నూరేళ్ల తర్వాత కూడా మన కోర్టుల్లో అదే నడుస్తోంది.

అలాగని మీ తమ్ముడికి దారి మూసుకుపోలేదు. అతను ఎక్కడ కూర్చున్నాడన్నది కాదు, ఎప్పుడు ఏం తెలిసింది అన్నది కేసు. అందుకే ఆ రాత్రిని ముక్కలు చేసి చూద్దాం.

బండి తీసుకుని బయలుదేరినప్పుడు నిజంగా కిరాయి ఎగ్గొట్టి పోయే ఇల్లే అనుకున్నాడా? అనుకుని ఉంటే అప్పటికి అతను దొంగతనంలో భాగస్వామి కాదు. తప్పు పనికి సాయపడ్డాడు, కానీ ఆ తప్పు వేరు. మన దగ్గర అలా రాత్రికి రాత్రి సామాను తరలించే ఇళ్లు లేవని ఎవరూ అనరు. జడ్జి కూడా నమ్మవచ్చు. కానీ మీ ఉత్తరంలోనే ఒక మాట ఉంది. లైట్లు ఆర్పి ఉండమన్నారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు మంచాలు, గ్యాస్ సిలిండర్, గిన్నెల మూటలు ఉంటాయి. ఒక్క సామానూ బయటికి రాకుండా ముగ్గురు మనుషులు ఉత్త చేతులతో లోపలికి పోతే, ట్రాలీ ఆటో నడిపేవాడికి అనుమానం రాలేదా అని ప్రాసిక్యూటర్ తప్పక అడుగుతారు. దానికి జవాబు నేను తయారు చేసి ఇవ్వను, మీరూ తయారు చేయొద్దు. అతని దగ్గర ఉన్నదే చెప్పాలి.

తర్వాత ఆ అరుపు. నాకు అన్నింటికన్నా కష్టంగా కనిపిస్తున్న చోటు ఇదే. ఆ క్షణానికి అతనికి విషయం తెలిసిపోయింది. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోవచ్చు. 100కో 112కో ఫోన్ చేయవచ్చు. అతను ఉండిపోయాడు, వాళ్లను ఎక్కించుకుని పోయాడు. దోపిడీ నిర్వచనంలో సొత్తు ఎత్తుకుపోవడం కూడా భాగమే, గడప దాటగానే నేరం ముగిసిపోదు. కాబట్టి అరుపు విన్నాక బండి నడిపినవాడు దోపిడీలో కలిశాడని వాదిస్తారు. భయపడ్డాడు, వాళ్ల చేతిలో రాడ్డు ఉంది, కాదంటే తనకూ అదే గతి అనుకున్నాడు అని అవతలి వాదన ఉంటుంది. ఇరవై మూడేళ్ల కుర్రాడు చీకట్లో ఒంటరిగా బిగుసుకుపోవడం నాకు అర్థమవుతుంది. కోర్టుకు అర్థమవుతుందా లేదా అన్నది ఆ తర్వాత అతను చేసిన దాన్ని బట్టే తేలుతుంది.

తెల్లారి ఏం చేశాడు? రెండు వేలు అని ఒప్పుకున్న పనికి పదివేలు తీసుకున్నాడు. మూట తెచ్చి మీ బియ్యంలో దాచాడు. భయపడ్డవాడు ఇలా చేస్తాడా అని అడిగితే సమాధానం కష్టం. దొంగతనం జరిగిన కొద్దిరోజులకే ఆ సొత్తు ఎవరి దగ్గర దొరికితే, సరైన కారణం చెప్పలేనప్పుడు వాళ్లే దొంగ అనో తెలిసి తీసుకున్నారనో కోర్టు అనుకోవచ్చని సాక్ష్యాల చట్టమే చెబుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. లోపల ముగ్గురు, మలుపు దగ్గర ఒకడు, బండిలో మీ తమ్ముడు. ఐదు. ఐదుగురు కలిస్తే అది మామూలు దోపిడీ కాదు, 310వ సెక్షన్ కింద బందిపోటు దోపిడీ. పోలీసు భాషలో డెకాయిటీ. అక్కడ ఉండి సాయం చేసినవాళ్లను కూడా ఆ ఐదుగురిలో లెక్కపెడతారు. లోపలికి పోయారా లేదా అని చూడరు. మీ తమ్ముడికి నిజంగా తెలియదని కోర్టు నమ్మితే లెక్క నాలుగుకు దిగుతుంది, మిగతావాళ్ల కేసు కూడా మామూలు దోపిడీకి మారిపోతుంది. నమ్మకపోతే ఐదో మనిషి అతనే. ఆ పెద్దాయనకు ప్రాణం మీదికి వచ్చి, డెకాయిటీలో హత్య జరిగిందని తేలితే, ఐదుగురిలో ప్రతి ఒక్కరికీ పదేళ్లకు తగ్గని శిక్ష నుంచి ఉరి దాకా ఉంది. భయపెట్టడానికి రాయడం లేదు. ఆయన కోలుకోవాలని మీ ఇంట్లో మొక్కుకుంటున్నారని రాశారు, మొక్కుకోండి. ఆయన బతకడం ఆ ఇంటికి ఎంత ముఖ్యమో మీ ఇంటికీ అంతే ముఖ్యం.

ఇక మీ సంగతి. తమ్ముడి గురించి మూడు పేజీలు రాశారు, మీ గురించి ఒక్క లైను లేదు. మూట విప్పిన రోజు నుంచి మీరు కూడా ఈ కేసులో ఉన్నారమ్మా. దోపిడీ, రాత్రిపూట చొరబాటు లాంటి నేరాల గురించి తెలిసినవాళ్లు, సరైన కారణం లేకపోతే వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలని కొత్త ప్రొసీజర్ చట్టం (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 33వ సెక్షన్‌లో ఉంది. పాత చట్టంలోనూ ఉండేది. కావాలని చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష పడవచ్చు. ఇది తమ్ముణ్ణి పట్టించమని చెప్పడానికి రాయలేదు. మీరు ఒకటి రెండు రోజులు లాయరుతో మాట్లాడి అడుగు వేయడం వేరు, నెల రోజులు తెలియనట్టు కూర్చోవడం వేరు అని చెప్పడానికి రాశాను.

అమ్మ చెప్పిన భివండి దారి చూద్దాం. మన దగ్గర ఎంతమంది అక్కడ మగ్గాల మీద బతికారో నాకు తెలుసు. కష్టం వస్తే అటు పోవడం మనకు అలవాటే. కానీ ఇది కరువు కాదు. ఇప్పటికే దొరికిన ఇద్దరూ పేర్లు చెబుతారు, ఫోన్ ఏ టవర్ దగ్గర ఉందో రికార్డు చెబుతుంది. పారిపోయినవాడు అన్న ముద్ర పడితే "నాకు తెలియదు" అన్న మాట ఎవరూ నమ్మరు, బెయిల్ వాదన కూడా అక్కడే కూలిపోతుంది. పైగా దోపిడీ చేసినవాళ్లను శిక్ష తప్పించడానికి దాచినవాళ్లకు న్యాయ సంహిత 254వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా ఉంది. ఆ సెక్షన్‌లో మినహాయింపు భార్యాభర్తలకే. తల్లికి లేదు, అక్కకు లేదు, మేనమామకు లేదు. టికెట్ డబ్బులు ఇచ్చిన మీ అమ్మ, పడుకోవడానికి చోటిచ్చిన మీ మామయ్య కూడా ముద్దాయిలు కావచ్చు.

చెరువు మాట వద్దే వద్దు. సాక్ష్యం మాయం చేయడం ఒక నేరం, దొంగసొత్తు వదిలించుకోవడంలో సాయపడటం ఇంకో నేరం. రెండూ మీ పేరు మీదికి వస్తాయి. అన్నింటికీ మించి అది ఆమె పుస్తెలతాడు. భర్త ఆసుపత్రిలో ఉన్న ఆ మనిషికి అది చేరాలి. అయితే మీరే తీసుకెళ్లి ఆ ఇంట్లో ఇవ్వకండి, రాత్రిపూట వాళ్ల గేటు దగ్గర పెట్టి రాకండి. మీ మనసు అటు లాగుతుందని తెలుసు. బాధితుల ఇంటికి నిందితుడి వాళ్లు వెళ్తే బెదిరించడానికి వచ్చారని కేసవుతుంది.

పోలీసులు వచ్చేదాకా ఇంట్లోనే ఉండటం ఇంకో దారి. చాలామంది అదే చేస్తారు. అప్పుడు జరిగేది ఇలా ఉంటుంది: వాళ్లు వస్తారు, ఇల్లు సోదా చేస్తారు, బియ్యం డబ్బాలో మూట దొరుకుతుంది. దాచిన సొత్తు మీ ఇంట్లోంచి వాళ్లు పట్టుకున్నట్టు పంచనామా రాస్తారు. దాన్ని మీ అంతట మీరు ఇచ్చారని చెప్పుకునే అవకాశం అక్కడితో పోతుంది. అయినా ఈ దారిలోనూ అతనికి హక్కులు ఉంటాయి. అరెస్టు కారణాలు చెప్పాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, విచారణ సమయంలో లాయర్ని కలవనివ్వాలి. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో అతని మీద సాక్ష్యం కాదు. కానీ ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు సాక్ష్యమే.

ముందస్తు బెయిల్ కోసం సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో పోవచ్చు. మీ బంధువెవరో అది తప్పక వస్తుందన్నారని రాశారు. నేను అంత ధైర్యంగా చెప్పలేను. ఒక పెద్దాయన తల పగిలింది, సొత్తు రికవరీ కావాలి, ఇంకా ఇద్దరు దొరకలేదు. ఇలాంటప్పుడు ముందస్తు బెయిల్ రావడం కష్టం. వేయకూడదని కాదు, దాని మీదే ఆశ పెట్టుకుని రోజులు జరపొద్దు అంటున్నాను.

నాలుగోది, లాయర్ని వెంటబెట్టుకుని అతనే స్టేషన్‌కు గానీ మేజిస్ట్రేటు కోర్టుకు గానీ వెళ్లడం, మూటను, ఆ పదివేలను లాయరు సమక్షంలో అప్పగించడం. కొత్త ప్రొసీజర్ చట్టం ప్రకారం సోదా, స్వాధీనం చేసుకోవడం వీడియో తీయాలి. మీరు అడిగి మరీ తీయించండి. ఆ వీడియోలో బియ్యం డబ్బాలోంచి మూట తీసి ఇస్తున్నది అతని చెయ్యి అయితే, ఇన్ని రోజుల్లో అతను చేసిన మొదటి మంచి పని కోర్టు కళ్ల ముందు ఉంటుంది. దీనికి మూల్యం ఉంది. వెంటనే రిమాండ్‌కు పోతాడు. వరంగల్ సెంట్రల్ జైలు 2021లోనే తీసేశారు కాబట్టి ములాఖత్ కోసం మీరు వేరే ఊరు తిరగాల్సి రావచ్చు. పాపను ఎవరి దగ్గర ఉంచాలో ఇప్పుడే ఆలోచించుకోండి. బెయిల్ ఎప్పుడొస్తుందో చెప్పలేను. ఇంత బరువైన సెక్షన్లలో 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, అంతవరకు ఆగాల్సి రావచ్చు.

ఆ దారిలోనే ముందుకు పోతే అప్రూవర్ అన్న మాట వినిపిస్తుంది. జరిగినదంతా దాచకుండా చెబుతానంటే కోర్టు క్షమాపణ ఇచ్చి అతణ్ణి సాక్షిగా మార్చవచ్చు. వినడానికి తేలిక. కానీ అప్పటికి బెయిల్ రాకపోతే కేసు ముగిసేదాకా జైల్లోనే ఉంచుతారు. సగం దాచి చెబితే క్షమాపణ పోయి మళ్లీ ముద్దాయి అవుతాడు. బయట మిగతా నలుగురి వాళ్లు ఉంటారు, వాళ్ల ఊళ్లు మీ ఊరికి దగ్గరే. ఇది తొందరలో తేల్చుకునే విషయం కాదు. అతను, అతని లాయరు కూర్చుని నిర్ణయించుకోవాలి.

నన్ను మీ ఇంట్లో మనిషిగా అడిగితే నాలుగో దారి వైపే మొగ్గుతాను. కారణం ఒక్కటే. "తెలియకుండా వెళ్లాను" అన్న మాట నిజమైతే, దాన్ని నమ్మించే శక్తి రోజురోజుకీ తగ్గిపోతోంది. అయితే నిర్ణయం అతనిది. మీరు బలవంతంగా చేయించే పని కాదు, అతను ఒప్పుకోకపోతే మీ వరకు మీరు ఏం చేయాలో వేరే లాయర్ని అడగండి. ఇద్దరికీ ఒకే లాయరు వద్దు. రేపు కోర్టు మిమ్మల్ని సాక్షిగా పిలవవచ్చు, అక్కను కాబట్టి చెప్పను అనే హక్కు చట్టంలో లేదు.

ఫీజు గురించి రాశారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా. హనుమకొండలో అదాలత్ దగ్గర కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. లాయరుకు చెప్పిన విషయం బయటికి పోదు, కాబట్టి మూట సంగతి అక్కడ దాచకండి. తమ్ముడి ఫోన్‌లో మెసేజ్‌లు, కాల్ లిస్టు ఏదీ చెరపనివ్వకండి. "ఇల్లు ఖాళీ చేసేదుంది" అని పిలిచిన మెసేజ్ ఒక్కటి ఉన్నా అతనికి అదే పెద్ద ఆసరా.

రేపు పొద్దున కోర్టు తెరిచే వేళకు అక్కడ ఉండండి, తమ్ముడు వస్తానంటే వెంట తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆ డబ్బాలో మళ్లీ చెయ్యి పెట్టకండి. మూట ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి, పసుపు తుడవకండి. ఈ రాత్రి వంటకు రెండు కిలోల బియ్యం దుకాణం నుంచి తెచ్చుకోండి.